భూకంపానికి రెండు కొలతలు, మనకు ఒకటే మాట

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లా అడవుల కింద నేల కదిలింది. ఆ అదురు ఖమ్మంలో, వరంగల్లులో, విజయవాడలో, హైదరాబాదులో కూడా తెలిసింది. ప్రాణనష్టం లేదు. అంతకు పూర్వం ప్రతి భూకంప వార్తలోనూ మనం చదివిన వాక్యమే ఈసారి వార్తల్లోనూ ఉంది: రిక్టర్ స్కేలుపై భూకంప తీవ్రత 5.3గా నమోదైంది.

ఈ వాక్యం మన చెవులకు ఎంతగా అలవాటయిందంటే, దాని అర్థమేమిటని ఎవరూ ఆగి అడగరు. నాకు మాత్రం దీనితో చాలాకాలంగా పేచీ ఉంది. 5.3 అన్న అంకెతో కాదు, దాని పక్కన కూర్చున్న మాటతో. ఆ అంకె తీవ్రతను చెప్పదు. తీవ్రత వేరే కొలత. దానికి వేరే మానం ఉంది. అది ఊరూరికీ మారుతుంది. ఒక భూకంపానికి రెండు కొలతలుండగా రెండింటినీ మనం ఒకే మాటతో పిలుస్తున్నాం. ఇది కేవలం పారిభాషిక పదాల తగాదా అయితే ఇంత దూరం రాయను. ఈ గందరగోళం వల్ల అడగవలసిన ప్రశ్న అడగకుండా పోతున్నామని నా అభిప్రాయం. అదెలాగో చెప్పాలంటే అసలు నేల ఎందుకు కదులుతుందో అక్కడినుంచి మొదలుపెట్టాలి.

ఆదిశేషుడు పడగ మార్చుకొన్నప్పుడు భూమి అదురుతుందని మన పెద్దలు చెప్పుకొన్నారు. ఆ కథలో ఒక చక్కని ఊహ ఉంది. భారం మోసి మోసి, ఇక ఓర్వలేని ఒకానొక క్షణంలో వచ్చే కదలిక అది. శాస్త్రం చెప్పేది కూడా రూపంలో దీనికి మరీ దూరం కాదు. ఒక వెదురుబద్దను రెండు చేతులా పట్టుకొని మెల్లగా వంచండి. కొంతవరకు అది వంగుతుంది. మీరు పడిన శ్రమ అంతా ఆ వంపులో దాగి ఉంటుంది. ఇక వంగలేని దశలో ఫెళ్ళున విరుగుతుంది. విరిగిన ముక్కలు తిన్నగా సాగి, చేతులు జిల్లుమనేటట్టు కాసేపు అదురుతాయి. భూకంపం స్థూలంగా ఇదే. నేలలో ఉన్న పాత పగులుకు ఇరువైపులా ఉన్న రాయి ఏళ్ళ తరబడి, శతాబ్దాల తరబడి ఒత్తిడికి వంగుతూ ఉంటుంది. పగులు పొడుగునా రాపిడి ఆ రెండు పక్కలను కదలనివ్వకుండా పట్టి ఉంచుతుంది. ఒత్తిడి ఆ రాపిడిని మించిన క్షణాన రెండు పక్కలూ గబుక్కున జారతాయి. అలా జారిన పగులునే భ్రంశం అంటారు. జారుడు సెకండ్లలో ముగుస్తుంది. దాని నుంచి పుట్టిన అలలు మాత్రం నేలంతా వ్యాపిస్తాయి.

ఈ సంగతి తేటతెల్లమయింది 1906 ఏప్రిల్ 18న అమెరికాలో సాన్ ఫ్రాన్సిస్కో నగరాన్ని కుదిపిన భూకంపం తరువాత. భ్రంశాన్ని అడ్డంగా దాటే కంచెలు, బాటలు తెగిపోయి, కొన్నిచోట్ల ఆరు మీటర్ల దాకా పక్కకు జరిగి కనిపించాయి. పూర్వపు సర్వే లెక్కలను భూకంపం తరువాతి లెక్కలతో పోల్చి చూసిన హ్యారీ ఫీల్డింగ్ రీడ్ అనే ఆచార్యుడు, నేల అంతకు ముందే చాలాకాలంగా వంగుతూ వచ్చిందనీ, ఆ వంపు ఒక్కసారి వీడటమే భూకంపమనీ 1910లో ప్రతిపాదించాడు.

మరి మన కాళ్ళ కింద ఈ ఒత్తిడి ఎక్కడిది? భారతదేశాన్ని మోస్తున్న శిలాఫలకం ఏటా సుమారు అయిదు సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ ఆసియా ఖండాన్ని నెడుతోంది. దాదాపు అయిదు కోట్ల సంవత్సరాలుగా సాగుతున్న ఆ తోపుడుకు లేచి నిలిచినవే హిమాలయాలు. తోపుడు జరిగేది అక్కడే అయినా ఒత్తిడి ఫలకమంతటా పాకుతుంది. బల్లను ఒక చివర నెడితే మధ్యలో ఉన్న పాత అతుకు కిర్రుమన్నట్టు, దక్కనులో, గోదావరి లోయలో కోట్ల ఏళ్ళనాటి పాత పగుళ్ళు అప్పుడప్పుడు జారుతుంటాయి. గోదావరి లోయ ఊరికే ఏర్పడిన పల్లం కాదు. ప్రాచీన కాలంలో భూమి చీలి కుంగిన పొడవాటి గాడి అది. ఆ కుంగుబాటులో పేరుకొన్న మేటల్లోనే ఈనాడు సింగరేణి బొగ్గు తవ్వుకొంటున్నాం. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో వచ్చిన 5.7 భూకంపమూ, 2024లో ములుగులో వచ్చినదీ ఆ లోయ చుట్టుపక్కలవే. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 వచ్చింది. కనుక మనది కదలని నేల అన్న ధీమాకు ఆధారం లేదు. అరుదుగా కదిలే నేల అంటే సరిపోతుంది.

ఇక కొలతల విషయానికి వద్దాం.

భూమి లోపల జారుడు మొదలైనచోటు నాభి. దానికి సూటిగా పైన నేలమీద ఉన్న చోటు అధికేంద్రం. నాభి నుంచి ముందుగా బయలుదేరి వచ్చేవి ప్రాథమిక తరంగాలు. గట్టి రాతిలో ఇవి సెకండుకు ఆరు కిలోమీటర్ల వేగంతో నడుస్తాయి. వెనుక వచ్చేవి ద్వితీయ తరంగాలు, సుమారు మూడున్నర కిలోమీటర్ల వేగంతో. ఉరుము వచ్చిన ఆలస్యాన్నిబట్టి పిడుగు ఎంత దూరాన పడిందో లెక్కగట్టినట్టే, ఈ రెంటి నడుమ ఎడాన్నిబట్టి నాభి ఎంత దూరాన ఉందో చెప్పవచ్చు. ఒక సెకండు ఎడం ఉంటే సుమారు ఎనిమిది కిలోమీటర్లు. నాలుగైదు కేంద్రాల లెక్కలు కలిస్తే చోటు తేలుతుంది. చోటు తెలిశాక, యంత్రం గీసిన గీత ఎంత పెద్దదో చూసి, దూరానికి తగినట్టు సవరించి, అసలు జారుడు ఎంత పెద్దదో కట్టే లెక్కే మొదటి కొలత. ఇంగ్లీషులో మాగ్నిట్యూడ్ అంటారు. నేను దానిని పరిమాణం అంటాను.

1935లో కాలిఫోర్నియాలో చార్లెస్ రిక్టర్, బెనో గూటెన్‌బర్గ్ తోడ్పాటుతో రూపొందించిన మానం ఈ రకానిదే. అది ఆ ప్రాంతానికీ, అప్పుడు వాడుకలో ఉన్న ఒక తరహా యంత్రానికీ సరిపడేటట్టు చేసినది. పెద్ద భూకంపాల దగ్గర ఆ మానం చాలలేదు. భ్రంశం ఎంత విస్తీర్ణంలో జారింది, ఎంత దూరం జారింది, అక్కడి రాయి ఎంత గట్టిది అన్న మూడింటినీ కలిపి లెక్కించే భ్రామక పరిమాణాన్ని థామస్ హ్యాంక్స్, హిరూ కనమోరి 1979లో ప్రవేశపెట్టారు. నేడు పెద్ద భూకంపాలకు ప్రపంచంలో ప్రధానంగా వాడేది దానినే. అంటే మన వాక్యంలో రిక్టర్ పేరు కూడా గౌరవార్థం మిగిలిందే తప్ప అవసరార్థం కాదు.

ఈ మానంలో ఒక మెట్టు ఎక్కితే యంత్రపు గీత పది రెట్లవుతుంది. వెలువడే శక్తి సుమారు ముప్ఫైరెండు రెట్లవుతుంది. రెండు మెట్లెక్కితే శక్తి వెయ్యి రెట్లు. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర వచ్చి, మన కోస్తాను కూడా సునామీతో ముంచిన భూకంప పరిమాణం 9.1. అక్కడ జారిన భ్రంశం పొడుగు సుమారు 1300 కిలోమీటర్లు.

ఇక్కడ గమనించవలసింది ఒకటే. ఒక భూకంపానికి పరిమాణం ఒకటే ఉంటుంది. హైదరాబాదులో కొలిచినా, టోక్యోలో కొలిచినా లెక్క సరిగా కడితే వచ్చే అంకె ఇంచుమించు అదే. అది భూకంపం తాలూకు గుణం. మీ ఊరి తాలూకు గుణం కాదు.

రెండో కొలత మీ ఊరిది. బల్బు మీద అరవై వాట్లని రాసి ఉంటుంది. అరుగు మీద చదువుకొనే పిల్లవాడి పుస్తకం మీద ఎంత వెలుతురు పడుతోందన్నది వేరే సంగతి. బల్బు ఎంత దూరాన ఉంది, మధ్యన స్తంభం అడ్డం ఉందా అన్నదాన్నిబట్టి అది మారుతుంది. ఒక చోట నేల ఎంత గట్టిగా ఊగింది, అక్కడి మనుషులకూ ఇళ్ళకూ ఏమయింది అని చెప్పేదే తీవ్రత. ఇటలీలో జ్యుసెప్పె మెర్కల్లి 1902లో ప్రకటించిన మానానికి తరువాత మెరుగులు దిద్ది పన్నెండు అంచెలు చేశారు. మన దేశపు భూకంప మండలాల పటాలకు 1964 నాటి ఎం.ఎస్.కె. మానాన్ని ఆధారంగా తీసుకొన్నారు. అందులోనూ అంచెలు పన్నెండే. ఈ అంచెలను రోమన్ అంకెల్లో రాసే ఆచారం పెట్టారు. పరిమాణంతో కలగాపులగం కాకుండా ఉండటానికి అది బాగా పనికివస్తుంది. ప్రపంచం అంకెలు కూడా వేరుగా రాసుకొంటుంటే, మనం మాటే ఒకటి చేసి కూర్చున్నాం.

సాహిత్యాభిమానులు ఈ తీవ్రతామానాన్ని ప్రత్యేకంగా చూడాలని నా మనవి. ఎందుకంటే అది మాటలతో కట్టిన మానం. మొదటి అంచెలో ఎవరికీ తెలియదు. మూడో అంచెలో ఇంట్లో ఉన్నవారికి వీధిలో లారీ వెళ్ళినట్టుంటుంది, వేలాడే వస్తువులు ఊగుతాయి. నాలుగులో గిన్నెలు గలగలమంటాయి, కిటికీలు కొట్టుకొంటాయి. అయిదులో నిద్రపోయేవారు లేస్తారు. ఆరులో అందరూ బెదిరి బయటికి వస్తారు, గోడల పూత పగులుతుంది. ఏడులో నిలబడటం కష్టమవుతుంది, నాసిరకం గోడలు దెబ్బతింటాయి. తొమ్మిది, పది అంచెలకు వచ్చేసరికి రాతిగోడలు, ఇటుకగోడలు కూలిపోతాయి. పన్నెండులో ఏదీ నిలవదు. పరిమాణం యంత్రం చెబుతుంది. ఇది మాత్రం ఊళ్ళో తిరిగి, మనుషులను అడిగి, పగుళ్ళు చూసి తెలుసుకోవలసినది. ఈమధ్య యంత్రాల సాయంతోనూ అంచనా కడుతున్నారు గాని, దీని పునాది సాక్ష్యమే.

ఇప్పుడు ఒకే మాట వాడటంవల్ల ఏమి నష్టమో రెండు భూకంపాలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

1993 సెప్టెంబరు 30న, వినాయక నిమజ్జనం ముగించి ఊళ్ళన్నీ నిద్రిస్తున్న వేళ, తెల్లవారుజామున నాలుగు గంటలు కావస్తుండగా మహారాష్ట్రలోని కిల్లారిలో భూకంపం వచ్చింది. పరిమాణం 6.2. ఎనిమిది నుంచి పది వేలమంది దాకా చనిపోయారు. మూడున్నర నెలల తరువాత, 1994 జనవరి 17న, అదీ తెల్లవారుజామున నాలుగున్నరకే, అమెరికాలో లాస్ ఏంజెలిస్ మహానగరం అంచున నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చింది. పరిమాణం 6.7. అంటే వెలువడిన శక్తి కిల్లారి కంటే అయిదు రెట్లకు పైమాట. చనిపోయినవారు సుమారు అరవైమంది. రెండుచోట్లా ఒక పక్క రాయి మరొక పక్క రాతిపైకి ఎగబాకిన తరహా జారుడే. రెండుచోట్లా జనం పడకల మీదే ఉన్నారు.

తీవ్రత 6.2 అని రాస్తే కిల్లారి మరణాలకు ఆ అంకె సంజాయిషీ అయిపోతుంది. తీవ్రత అంత ఉంది కాబట్టి అంతమంది పోయారు అన్న ధ్వని వస్తుంది. తీవ్రత 6.7 అని రాసినచోట ఆ తర్కం నిలవదు. నార్త్‌రిడ్జ్‌లో నేల ఊగిన తీవ్రత కూడా తక్కువేమీ కాదు. తొమ్మిదో అంచె దాకా వెళ్ళింది. తేడా ఇళ్ళలో ఉంది. కిల్లారి పల్లెల్లో మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, వాటి మధ్య చెక్క దూలాలు, ఆ దూలాల మీద చల్లదనం కోసం బరువైన మట్టికప్పు. మన రాయలసీమ మట్టిమిద్దెలకు దగ్గరి చుట్టాలు అవి. ఎండకు అంతకన్న మంచి ఇల్లు లేదు. నేల అడ్డంగా ఊగినప్పుడు మాత్రం రాళ్ళను పట్టి ఉంచేది మట్టి తప్ప ఏమీ లేదు. పైనున్న బరువంతా నిద్రపోయేవారి మీద పడింది. పైగా ఆనాటి మండలాల పటంలో కిల్లారి అన్నిటికన్న తక్కువ ప్రమాదమున్న ఒకటో మండలంలో ఉండేది. 2002లో పటం సవరించినప్పుడు ఆ ఒకటో మండలాన్నే ఎత్తివేశారు.

నార్త్‌రిడ్జ్‌కు కూడా ఒక పాఠముంది. అక్కడ ఒకే అపార్టుమెంటులో పదహారుమంది చనిపోయారు. మూడంతస్తుల ఆ భవనంలో కింది అంతస్తు నలిగిపోయింది. ఆ పాఠం మరింత పెద్దదిగా 2001 జనవరి 26న గుజరాత్‌లో కనిపించింది. ఆ కచ్ భూకంప పరిమాణం 7.7. అధికేంద్రానికి రెండువందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో, కింది అంతస్తును కార్ల కోసం గోడలు లేకుండా వదిలిన బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. పై అంతస్తులు గోడలతో బిగిసి ఉండి, కింద ఒట్టి స్తంభాలే ఉంటే ఊపంతా ఆ స్తంభాల మీదే పడుతుంది. మన ఊళ్ళలో ఈ రకం అపార్టుమెంట్లు లేని వీధి ఏదో చెప్పండి.

నేల రకాన్నిబట్టి తీవ్రత ఎలా మారుతుందో 1985 సెప్టెంబరు 19న మెక్సికో నగరం చూపింది. భూకంపం వచ్చింది మూడున్నర వందల కిలోమీటర్ల దూరాన, పసిఫిక్ తీరంలో. నగరంలో గట్టి నేల మీద ఉన్న పేటలు పెద్దగా దెబ్బతినలేదు. పూర్వపు చెరువు పూడి ఏర్పడిన మెత్తని బంకమట్టి మీది పేటల్లో ఆరు నుంచి పదిహేను అంతస్తుల భవనాలు వరసగా కూలాయి. ఆ మట్టి ఊగే లయ, ఆ ఎత్తు భవనాలు ఊగే లయ ఒకటి కావడమే కారణం. ఒకే భూకంపం, ఒకే పరిమాణం, ఒకే నగరం, తీవ్రత మాత్రం పేటకొకటి. కృష్ణా, గోదావరి డెల్టాల్లోని ఒండ్రుమట్టి మీద, నీరు నిండిన ఇసుక మీద ఇళ్ళు కట్టుకొన్నవారికి ఇది పరాయి దేశపు కథ కాదు. నీటితో నిండిన ఇసుక గట్టిగా అదిరితే కాసేపు నీటిలాగే ప్రవర్తిస్తుంది. 1934 జనవరి 15 నాటి బీహారు భూకంపంలో గంగామైదానం మీద ఇళ్ళు కుంగింది అందువల్లే.

దీనికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలియనివి కావు. తీవ్రత అన్న మాట జనంలో పాతుకొనిపోయింది, ఇప్పుడు మార్చడమేమిటని ఒకటి. ఆ మాటను తీసివేయమని నేను అనడంలేదు. దాని చోటు దానికి ఇమ్మంటున్నాను. జ్వర తీవ్రత, ఎండ తీవ్రత అన్నప్పుడు మనం చెప్పేది అనుభవించేవాడి వైపునుంచి చూసిన సంగతే. భూకంప తీవ్రత కూడా అంతే కావాలి. పరిమాణం అంటే సైజు కదా అని రెండో ఆక్షేపణ. అవును, సైజే. జారిన పగులు ఎంత పెద్దదన్నదే ఆ అంకెలో ఉంది కనుక ఇంతకన్న అతికిన మాట దొరకదు. ఇంగ్లీషు పత్రికలూ ఈ రెంటినీ అప్పుడప్పుడు కలిపేస్తుంటాయని మూడోది. నిజమే. కాని వారికి రెండు మాటలున్నాయి. తప్పు చేసినప్పుడు దిద్దుకొనే వీలుంది. మనకు మాటే ఒకటైతే తప్పు తప్పుగా కూడా కనబడదు.

మాట మారితే గోడలు గట్టిపడతాయా అని ఎవరైనా అడగవచ్చు. గట్టిపడవు. గోడలను గట్టిపరిచేది మూలల్లో కట్టే బలమైన రాళ్ళు, గోడల చుట్టూ పోసే కాంక్రీటు పట్టీలు, కింది అంతస్తుకు తగిన గోడలు, తనిఖీ చేసే అధికారి నిజాయితీ. అయితే ఇవన్నీ ఎప్పుడు చర్చకు వస్తాయి? మా ఊళ్ళో ఎంత తీవ్రత రావచ్చు, మా ఇల్లు దానికి తట్టుకొంటుందా అన్న ప్రశ్న పుట్టినప్పుడు. భూకంపం ఏ రోజు వస్తుందో చెప్పే శాస్త్రం లేదు. ఫలానా చోట నేల ఎంత గట్టిగా ఊగవచ్చునో అంచనా వేసే శాస్త్రం మాత్రం ఉంది. ఇళ్ళ నియమావళి అంతా దానిమీదే నిలిచి ఉంది. మనం మొదటి ప్రశ్న కోసం జ్యోతిష్కులను కూడా వెతుక్కొంటాం, రెండో ప్రశ్నను ఇల్లు కొనేటప్పుడు కూడా అడగం. అడగడానికి మాట లేకపోవడం ఆ ఉపేక్షకు ఒక కారణమని నా నమ్మకం.

ఆ మాటను జనానికి చేర్చే పని కూడా కష్టమైనదేమీ కాదు. అమెరికా భూగర్భ పరిశోధనా సంస్థ గత శతాబ్దం చివరినుంచే ఇంటర్నెట్టులో సామాన్యులను ప్రశ్నలడిగి ఊరూరి తీవ్రతను పటంగా గీస్తోంది. అలాంటి ప్రశ్నావళిని చక్కని తెలుగులో రాసుకోవచ్చు. ఉట్టి ఊగిందా, అల్మైరాలో గిన్నెలు మోగాయా, బిందెలో నీళ్ళు తొణికాయా, పెంకులు జారాయా, నిద్రలో ఉన్నవారు లేచారా, నిలబడగలిగారా? ఇన్ని మాటలున్న భాషకు పన్నెండు అంచెల మానం ఒక లెక్కా?

ఈసారి గోదావరి లోయలోనో, ఒంగోలు పక్కనో నేల అదిరితే, వార్త ఇలా ఉండాలని కోరుకొంటాను: ఫలానా చోట ఇంత పరిమాణంగల భూకంపం వచ్చింది; తీవ్రత భద్రాచలంలో ఇంత, ఖమ్మంలో ఇంత, హైదరాబాదులో ఇంత. రెండు కొలతలకు రెండు మాటలు. వార్త చదివినవారు ఆపైన తమ ఊరి అంకె చూసుకొని, తలెత్తి తమ ఇంటి కప్పు వైపు ఒకసారి చూస్తారు.